కథ చెప్పగలిగి, కబురు చెప్పలేకపోయిన అంబుజమ్మ

కరోనా గొడవ పూర్తిగా సద్దుమణిగిన ఏడాది అది. అప్పటికి నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా చేరి పదకొండేళ్లయింది. అలిపిరికి వెళ్లే దారిలో ఆసుపత్రి, రెండో అంతస్తులో మెట్లెక్కగానే నా గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు నిలువుటద్దం, అట్టపెట్టె నిండా బొమ్మల కార్డులు. స్పీచ్ థెరపిస్టంటే నత్తి పోగొట్టే మనిషనే చాలామంది అనుకుంటారు. ఐరాల దగ్గర మా ఊళ్లో మా నాయన ఇప్పటికీ "మా పాప మూగోళ్ల డాక్టరు" అనే చెప్పుకుంటాడు. నిజానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది స్ట్రోక్, అంటే పక్షవాతం వచ్చినవాళ్లు.

మెదడులో మాటకు సంబంధించిన భాగం దెబ్బతింటే మాట పోతుంది. దాన్ని మేం అఫేజియా అంటాం. నాలుక బాగానే ఉంటుంది, గొంతు బాగానే ఉంటుంది, తెలివికీ లోటుండదు. చెప్పాల్సింది లోపల సిద్ధంగా ఉంటుంది, దానికి మాట దొరకదు. ఒక్కోసారి ఎవరి పేరో నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతే మనం గింజుకుంటాం కదా. పొద్దున లేచింది మొదలు ప్రతి మాటకూ అదే అవస్థయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అంబుజమ్మ గారు అలాంటి స్థితిలోనే వచ్చారు. డెబ్బై మూడేళ్ల మనిషి. స్ట్రోక్ వచ్చి ఆరు వారాలు. కుడి చెయ్యి పట్టు తప్పింది, కుడి కాలు కొంచెం ఈడుస్తూ నడవగలరు. చిత్తూరు నుంచి భర్త రాజగోపాల్ గారు, కోడలు హేమ కారులో తీసుకొచ్చారు. రాజగోపాల్ గారిది చిత్తూరులో బట్టల వ్యాపారం, కొట్టు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. హేమ గవర్నమెంటు స్కూలు టీచరు, అత్తగారి కోసం సెలవు పెట్టింది.

నేను చెంచా బొమ్మ చూపించాను. "కాదు" అన్నారు అంబుజమ్మ. గొడుగు చూపించాను. "కాదు." మీ పేరేంటమ్మా అన్నాను. ఆమె నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, "కాదు, కాదు, కాదు" అని ఎడమచేత్తో బల్ల మీద కొట్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అఫేజియాలో కొందరికి ఇలా ఒకే ఒక్క మాట మిగులుతుంది. ఏది చెప్పబోయినా అదే బయటికొస్తుంది. తప్పు మాట వస్తున్నదని వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఆ కోపం.

రాజగోపాల్ గారు కండువాతో ఆమె కళ్లు తుడిచి నా వైపు తిరిగారు. "యాభై రెండేండ్లుగా ఈమె మాట్లాడతా ఉంటే నేను ఇంటా ఉన్నానమ్మా. నాకు మాట్లాడే పని ఎప్పుడూ పడలా. ఇప్పుడు నేను మాట్లాడాల్సొస్తే, ఏం మాట్లాడాల్నో తెలీడం ల్యా."

ఆమె సంగతి అప్పుడు చెప్పారు. అంబుజమ్మ పుట్టింటివాళ్లు పాండిచ్చేరిలో స్థిరపడిన తెలుగువాళ్లు. ఆమె చదివింది అక్కడి ఫ్రెంచి బడిలో. శనివారం శనివారం ఒక ఫ్రెంచి నీతికథ అప్పజెప్పాలి. పద్యంలాగా లయతో ఉండే జంతువుల కథలు. అట్లా ముప్పయ్యో నలభయ్యో ఆమె నోటికొచ్చు. పెళ్లయి చిత్తూరు వచ్చాక వాటితోనే సంసారం నడిపారట.

"ఎవురన్నా తప్పు చేస్తే తిట్టదమ్మా. కథ చెప్తాది," అన్నారాయన. "పక్కింటోళ్లను చూసి నేను మూడంతస్తులు కట్టాలంటే, ఎద్దంత కావాలని పొట్ట ఉబ్బించుకోని పగిలిపోయిన కప్ప కథ చెప్పింది. ఒక ఏజెంటు పొగిడినాడని ముతక చీరలు నూరు దించుకుంటే, కాకి కథ చెప్పింది. మన పిల్లోళ్లకి కాకి నోట్లో మాంసం ముక్క అని చెప్తాం గదా, ఈమె కథలో జున్నుగడ్డ. నక్క వచ్చి నీ గొంతు అద్భుతం అంటాది, కాకి పాడబోయి జున్ను జారవిడుస్తాది. ముందు ఫ్రెంచిలో చెప్తాది, తర్వాత తెలుగులో చెప్తాది, కడాకు నన్ను పేరుపెట్టి చెప్తాది."

అంబుజమ్మ ఇది వింటూ ఏడుపులోనే నవ్వారు. ఆ నవ్వు చూసి ఆమెకు అంతా అర్థమవుతున్నదని నాకు రూఢి అయింది.

రెండు వారాలు మామూలు పద్ధతిలోనే వెళ్లాం. అంకెలు లెక్కపెట్టించడం, వారాల పేర్లు, గోవింద నామాలు. ఇలా బాగా అలవాటుపడి, ఆలోచన అక్కర్లేకుండా నోటికి వచ్చేదాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. మాట పోయినవాళ్లలో కూడా ఇది ఒక్కోసారి చెక్కుచెదరకుండా ఉంటుంది. అంబుజమ్మకు మాత్రం ఒకటి, రెండు దాటి రాలేదు.

ఒక రోజు రాజగోపాల్ గారు మొహమాటంగా అడిగారు. "ఆ ఫ్రెంచి కథ నేను ఎత్తుకొని చూడనా అమ్మా? నాకు అర్థం తెల్దుగానీ, యాభై ఏండ్లు ఇన్నాను గదా, శబ్దం గుర్తుండాది."

కానివ్వండి అన్నాను. ఆయన గొంతు సవరించుకుని కాకి కథలో మొదటి పాదం అందుకున్నారు. ఫ్రెంచి నాకూ రాదు. కానీ ఆ పలికిన తీరు ఏ దేశంలోనూ చెల్లదని నాకే తెలిసిపోయింది. అంబుజమ్మ మొహం చిట్లించారు. ఆయన మళ్లీ అన్నారు. ఆమె ఎడమచెయ్యి ఎత్తి ఆయన్ని ఆపి, తానే మొదలుపెట్టారు.

ఆగకుండా, తడుముకోకుండా, మొదటి నుంచి చివరిదాకా కథంతా చెప్పేశారు. నక్క మాట్లాడే చోట గొంతు మెత్తబడింది. జున్ను కిందపడే చోట చిన్న విరామం ఇచ్చారు. కాకి సిగ్గుపడే చోట తల వంచారు. రాజగోపాల్ గారు కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ జోడించి, కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా విన్నారు. పక్క గదిలోంచి ఫిజియోథెరపిస్టు, నర్సులు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కథ అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు.

నా తప్పు అక్కడ మొదలైంది.

రెండోసారి చెప్పించి ఎవరో ఫోన్‌లో తీశారు. ఆ వీడియో ఆసుపత్రి గ్రూపులోకి, అక్కణ్నుంచి ఊళ్లోకి వెళ్లింది. 'మాట పోయిన పెద్దావిడ నోట ఫ్రెంచి పలికించిన తిరుపతి థెరపిస్టు' అని కింద రాశారు. మా పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచి, "వనజా, ఇన్నేళ్లూ నీలాంటి మనిషిని పై అంతస్తులో దాచిపెట్టుకున్నామన్నమాట" అన్నారు. పదకొండేళ్లలో ఆయన నా గదికి వచ్చింది లేదు. ఆ వారంలో రెండుసార్లు, అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. డాక్టర్ల సమావేశంలో ఈ కేసు గురించి మాట్లాడమని పిలుపొచ్చింది. మా నాయన ఫోన్ చేసి, "మన ఊరంతా చూసినారు పాపా" అన్నాడు.

అది ఆటోమేటిక్ స్పీచ్ అని నాకు తెలుసు. కథ ఎక్కడో వేరే అరలో భద్రంగా ఉంది, అది మొత్తంగా బయటికొస్తున్నది అంతే. అందులోంచి ఒక్క మాట తీసి మంచినీళ్లు అడగడానికి కూడా ఆమె వాడుకోలేరు. ఈ సంగతి కాలేజీలో మొదటి ఏడాదే చదువుకుంటాం. చెప్పాల్సిన చోట ఎక్కడా నేను చెప్పలేదు. ఎవరైనా "మాట తెప్పించావటగా" అంటే, "ఇంకా చాలా చెయ్యాలండీ" అని నవ్వేదాన్ని. ఆ నవ్వులో ఒప్పుకోలుంది. స్ట్రోక్ తర్వాత మొదటి నెలలు చాలా విలువైనవి. వాటిలో మూడు వారాలు, వచ్చినవాళ్లందరి ముందూ అంబుజమ్మ చేత కథలు చెప్పించడానికే సరిపోయాయి. ఆమె కూడా సంతోషంగానే చెప్పేవారు. పాపం, ఏదో ఒకటి నోటినుంచి వస్తున్నందుకు.

ఒక రోజు సెషన్ అయ్యాక హేమ అడిగింది. "మేడమ్, నా సెలవు అయిపోవస్తా ఉండాది. నేను డ్యూటీలో చేరొచ్చునా? పగలు మామయ్య, అత్తమ్మ ఇద్దరే ఉంటారు."

బయట పెద్ద డాక్టరు గారు ఎవరినో తీసుకుని వస్తున్నారు. నేను తొందరలో ఉన్నాను. "చేరండి హేమా, పర్వాలేదు. అత్తమ్మకు మాట వస్తోంది కదా" అన్నాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

హేమ డ్యూటీలో చేరిన నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు రాజగోపాల్ గారు పెరట్లో మామిడిచెట్టు కింద నీళ్ల తొట్టి దగ్గర పాచి మీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. లేవలేకపోయారు, కేక వేస్తే ఇంట్లోకి తప్ప వినబడలేదు. ఫోను ఇంట్లో ఉంది. ఇంట్లో అంబుజమ్మ ఒక్కరే. ఆమెకు నెంబరు నొక్కడం రాదు, నొక్కినా ఏం చెప్పగలరు?

ఆమె కాలు ఈడ్చుకుంటూ పక్కింటికి వెళ్లారు. పక్కిల్లు షమీమ్‌ది. జాకెట్లు కుడుతుంది. అంబుజమ్మ అంటే ప్రాణం పెడుతుంది. ఆ తర్వాత జరిగింది షమీమే నాకు చెప్పింది, చెబుతూ రెండుసార్లు ఏడ్చింది.

"గుమ్మంలో నిలబడి నన్ను సూసి నోరు తెరిసింది మేడమ్. ఆ కథ మొదలుపెట్టింది. ఈడియోలో సూసిందే గదా, నాకోసం చెప్పేదానికి వచ్చింది అనుకున్నా. మిషన్ ఆపేసి, కుర్చీ ఏసి కూర్చోబెట్టబోయినా. కూర్చోల్యా. నిలబడే మొత్తం చెప్పింది. నేను చప్పట్లు కొట్టినా మేడమ్! శభాష్ పెద్దమ్మా అన్నా! ఆయమ్మ నొసలు కొట్టుకునింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అదే కథ. మొహం అంతా చెమట. నేనేమో ఎండకు వచ్చింది గదా అని ఫ్యాను ఏసినా."

రెండోసారి కథ సగంలో అంబుజమ్మ ఆపేశారట. ఒక్క క్షణం చుట్టూ చూశారట. మిషన్ మీద ఎవరిదో పెళ్లి జాకెట్ ఉంది, జరీ పట్టుబట్ట, మర్నాటికి ఇవ్వాల్సింది. దాన్ని ఎడమచేత్తో లాక్కుని బయటికి నడిచేశారు. "పెద్దమ్మా, పెద్దమ్మా, అది కస్టమర్‌ది" అని షమీమ్ వెంటపడింది. అంబుజమ్మ ఆగలేదు. తన ఇంట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి. తొట్టి దగ్గర పడున్న మనిషిని షమీమ్ అప్పుడు చూసింది.

అప్పటికి ఆయన పడి అరగంట పైనే అయింది.

మధ్యాహ్నం హేమ ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. వేలూరుకు తీసుకెళ్తున్నాం అని మాత్రం చెప్పింది. ఫోన్ పెట్టాక నేను బొమ్మల కార్డుల ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ మూడు వారాల్లో ఆమెకు 'రా' అనే ఒక్క మాట నేర్పి ఉండొచ్చు. ఒకటే అక్షరం. పెదాలు కూడా కలపనక్కర్లేదు.

ఆదివారం వేలూరు బస్సెక్కాను. ఆపరేషన్ బాగా జరిగింది. రాజగోపాల్ గారు మంచం మీద కాలు చాపుకుని ఉన్నారు. పక్కన స్టూలు మీద అంబుజమ్మ. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"రామ్మా వనజమ్మా! చూసినావా మా ఇంట్లో ఆమె తెలివి? ఇన్నేండ్లు కాకికి, కప్పకు బుద్ధి చెప్పింది. అవసరం వస్తే తానే నక్క అయింది. జాకెట్ ఎత్తుకోని ఆ షమీమ్‌ను ఎట్ల లాక్కొచ్చిందో!"

దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు అలాగే చెప్పేశాను. "నాయనా, తప్పు నాది. అమ్మకు మాట రాలేదని నాకు తెలుసు. అందరూ పొగుడుతా ఉంటే చెప్పలేకపోయినా. హేమను డ్యూటీకి పొమ్మన్నది కూడా నేనే." ఎప్పుడూ పేషెంట్ల వాళ్లను 'సార్' అని పిలిచే నా నోట 'నాయనా' అని ఎలా వచ్చిందో తెలియదు. ఇంటి యాస కూడా వచ్చేసింది.

అంబుజమ్మ నా వైపు తిరిగారు. ఎడమచేతి రెండు వేళ్లు ముక్కు ముందు పెట్టి పక్షి నోరులా మూశారు. మెల్లగా తెరిచారు. ఆ నోట్లోంచి ఏదో జారి ఒడిలో పడ్డట్టు చూపు కిందికి దించారు. వేలు తిప్పి నా గుండె మీద ఆనించారు.

రాజగోపాల్ గారు పకపకా నవ్వబోయి, కుట్లు లాగి, "అబ్బా" అని ఆగారు. "ఆ కాకి నువ్వేనంటమ్మా!"

అంబుజమ్మ తలూపారు. అవును, నువ్వే అన్నట్టు. తర్వాత నా చెంప నిమిరారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వార్డులో ఉన్నవాళ్లంతా మా ముగ్గురినీ వింతగా చూశారు.

బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది. స్ట్రోక్ వచ్చాక ఆమె ఒక కొత్త సంగతిని, తాను చెప్పదలుచుకున్న మనిషికి, తప్పుపోకుండా చెప్పింది ఇదే మొదటిసారి. నోటితో కాదు, చేత్తో. నేను మూడు వారాలు చప్పట్లు కొట్టించిన దానిలో ఆమె అప్పజెప్పడమే ఉంది. ఈ సైగలో ఆమే ఉన్నారు.

వాళ్లు చిత్తూరు చేరాక వారానికి రెండుసార్లు నేనే వాళ్లింటికి వెళ్లాను. సెలవు పెట్టుకుని కొన్నాళ్లు, ఆసుపత్రి ఒప్పుకున్నాక కొన్నాళ్లు. కథలు అప్పజెప్పించడం మానేశాం. దాని బదులు ఒక పుస్తకం కుట్టాం. కమ్యూనికేషన్ బుక్ అంటారు, మాట రానివాళ్లు వేలు పెట్టి చూపించే బొమ్మల పుస్తకం. మామూలుగా అందులో గ్లాసు, మంచం, మాత్ర ఉంటాయి. ఇందులో అవి కాక కాకి, కప్ప, నక్క, తాబేలు కూడా పెట్టాం. ఆ ఇంట్లో యాభై ఏళ్లుగా ఆ జంతువులకు అర్థాలున్నాయి. కొడుకు కొత్త షోరూము మాట ఎత్తగానే ఆమె కప్ప మీద వేలు పెట్టారు. వాకర్‌తో నడవడానికి రాజగోపాల్ గారు తొందరపడితే తాబేలు చూపించారు. షమీమ్ ఏదైనా పొగడబోతే కాకి పేజీ తెరిచేవారు.

నోటి మాట కూడా మొదలుపెట్టాం. ఏ మాట నేర్చుకుంటారు ముందు అని అడిగాను. ఆమె భర్త వైపు, నేల వైపు, మళ్లీ భర్త వైపు చూపించారు. నాకు అర్థమైంది. 'పడినాడు.' పదకొండు రోజులు పట్టింది. ప, ప, పడి, అక్కడ ఆగిపోవడం, చెయ్యి విసిరేయడం, మళ్లీ అద్దం ముందు కూర్చోవడం. వచ్చిన రోజు ఆమె ఆ మాటను ముప్పైసార్లు అన్నారు. పెరటి తలుపు దగ్గర నిలబడి, తొట్టి వైపు చూస్తూ, ఎప్పుడో జరిగిపోయిన విషయాన్ని అప్పటికి చెప్పుకున్నారు. రాజగోపాల్ గారు ప్రతిసారీ, "అవును, పడినాను. అవునే అంబుజం, పడినాను" అంటూనే ఉన్నారు.

డాక్టర్ల సమావేశానికి వెళ్లాను. ఆ వీడియో వేశాను. హాల్లో చప్పట్లు మోగాయి. ఆ తర్వాత జాకెట్ సంగతి చెప్పాను, హేమతో నేనన్న మాటతో సహా. చప్పట్లు లేవు. మా పెద్ద డాక్టరు గారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత ఆయనే, స్ట్రోక్ పేషెంట్ల ఇంటివాళ్లకు ప్రతి శుక్రవారం ఒక గంట ఈ సంగతులన్నీ చెప్పమన్నారు.

ఏడాదికి అంబుజమ్మకు నలభై మాటల దాకా వచ్చాయి. అంతకుమించి పెద్దగా రాలేదు, వస్తాయని నేను చెప్పనూ లేదు. మొన్న వేసవిలో నాకు ఆ ఇంటినుంచి ఫోన్ వచ్చింది. ఎత్తి "హలో" అంటే అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. ఎవరండీ అని అడగబోయి ఆగాను. మాట పోయినవాళ్లకు మనం ఇవ్వగలిగింది సమయమేనని, మధ్యలో అందించే మాట వాళ్ల మాటను మింగేస్తుందని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అర నిమిషం పైనే కాచుకున్నాను.

"వన... జా," అన్నారు. మళ్లీ మౌనం. "పండ్లు... మాగినాయి. రా."

వెనక రాజగోపాల్ గారు ఎవరితోనో, "నేను నెంబరు ఒక్కటే నొక్కినా, మాట అంతా ఆమెదే" అంటున్నారు.

ఇప్పుడు నా గదికి కొత్త కుటుంబం ఎవరొచ్చినా మొదటి రోజే ఒక సంగతి చెబుతాను. మీ మనిషి పాట పాడొచ్చు, నామాలు చదవొచ్చు, చూసేవాళ్లు మెచ్చుకోవచ్చు, దాన్ని బట్టి మాట వచ్చిందనుకోవద్దు, వాళ్లను ఒంటరిగా వదలొద్దు అని. ఇది చెప్పగానే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. నా మీద కొంచెం కోపం కూడా వస్తుంది. ఆ కోపాన్ని భరించడం కూడా నా ఉద్యోగమేనని తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్లు, అంబుజమ్మ గారు కావలసి వచ్చాయి.